ఒంగోలు, నెల్లూరు ఎండల్లో ఆంథూరియం: ముందు నీళ్లు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సంక్రాంతికి నర్సరీలో అయిదు పూలున్న ఎర్ర ఆంథూరియం కొన్నారు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి పెద్ద కుండీలోకి మార్చారు. ఒంగోలులో మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. రోజూ బోరు నీళ్లు పోస్తున్నారు. ఎవరో చెప్తే చిటికెడు డీఏపీ కూడా వేశారు. ఇప్పుడు, ఉగాది దగ్గర పడేసరికి, పూలు ఆకుపచ్చకు తిరిగాయి, ఆకుల అంచులు మాడుతున్నాయి, కొత్త ఆకు చిన్నగా వచ్చి ఆగిపోయింది. ఇది మన ఎండలకు తట్టుకునే మొక్కేనా, పారేయాలా అని అడిగారు.

పారేయకండి అమ్మా. మాది నెల్లూరు దగ్గర పెన్నకు అవతలి ఒడ్డున కోవూరు. పద్నాలుగేళ్లుగా ఈ మొక్కలు పెంచుతున్నాను. ఇప్పుడు అరవై కుండీల దాకా ఉన్నాయి. మే నెలలో 44 డిగ్రీలు కాసిన రోజుల్లోనూ వాటిని కాపాడుకున్నాను. నేను చూసినంతలో మన వైపు ఆంథూరియాన్ని ముందుగా చంపేది బోరు నీళ్లు. ఆ తర్వాత మట్టి. ఎండ మూడోది. మనం మాత్రం ఎండను చూసి భయపడి, మిగతా రెండింటినీ పట్టించుకోం.

ఈ సంగతి నాకు తెలిసింది మా అత్తమ్మ వల్ల. మొదటి ఏడాది ఆరు మొక్కలు తెచ్చాను. మీలాగే అయిదింటిని ఎర్రమట్టి, ఎరువు కలిపిన కుండీల్లోకి మార్చి వరండాలో పెట్టాను. ఆరో మొక్క తెచ్చేటప్పుడే నలిగి, ఒకటిన్నర ఆకుతో ఉండింది. దాన్ని మార్చకుండా, కొబ్బరి పీచు నింపిన నర్సరీ కుండీతోనే పక్కన పడేశాను. అత్తమ్మ దాన్ని తీసుకెళ్లి ఇంటి వెనక, ఉత్తరం గోడ పక్కన, ఏసీ పైపు నీళ్లు కారే చోట రాయి మీద పెట్టింది. జూన్ నాటికి వరండాలో అయిదూ పోయాయి. వెనక ఉన్నది ఆగస్టులో కొత్త ఆకు విప్పింది, దసరాకి పూసింది.

అది బతకడానికి కారణం ఏసీ నీళ్లా, కొబ్బరి పీచా, ఉత్తరపు నీడా? తేల్చుకోవాలని మరుసటి ఏడాది నాలుగు మొక్కలు తెచ్చి నాలుగింటినీ ఆ ఉత్తరం గోడ పక్కనే పెట్టాను. రెండు మట్టిలో, రెండు కొబ్బరి పీచు ముక్కల్లో. ప్రతి జతలో ఒకదానికి బోరు నీళ్లు, ఒకదానికి ఏసీ నీళ్లు. మట్టిలో ఉండి బోరు నీళ్లు తాగింది రెండు నెలల్లో పోయింది. మట్టిలో ఏసీ నీళ్లది వానాకాలం దాకా లాగి వేరు కుళ్లి పోయింది. పీచులో బోరు నీళ్లది బతికింది గానీ ప్రతి ఆకు అంచూ మాడింది, పువ్వు రాలేదు. పీచులో ఏసీ నీళ్లది ఆ ఏడే నాలుగు పూలు పూసింది. అప్పటి నుంచి ఈ మొక్క గురించి ఎవరు అడిగినా ముందు మీ నీళ్లేమిటి అని అడుగుతాను.

ఎందుకిలా అంటే దాని పుట్టుక చూడాలి. మన నర్సరీల్లో దొరికే ఎర్ర, గులాబీ, తెల్ల ఆంథూరియంలకు మూలం ఆంథూరియం ఆండ్రియానం అనే జాతి. కొలంబియా, ఈక్వెడార్ దేశాల వాన అడవుల మొక్క అది. 1876లో ఎడ్వార్ ఆంద్రే అనే ఫ్రెంచి వృక్ష శాస్త్రవేత్త కొలంబియాలో దాన్ని చూసి యూరప్‌కు చేర్చాడు, ఆయన పేరే మొక్కకు పెట్టారు. 1889లో లండన్ నుంచి హవాయి దీవులకు వెళ్లింది, అక్కడ పెద్ద పూల పంట అయింది. మనకు వచ్చేవి దాన్ని వేరే జాతులతో కలిపి తయారుచేసిన రకాలు. అయినా వేరు గుణం మాత్రం పాతదే.

ఆ అడవిలో ఇది చెట్ల కొమ్మల సందుల్లో, మానుకు పట్టిన నాచులో, రాలిన ఆకుల మీద పెరుగుతుంది. రోజూ వాన పడుతుంది, పడిన నీరు వేరు మీద నుంచి జారిపోతుంది, వెంటనే గాలి తగులుతుంది. అందుకే దీని వేర్లు లావుగా ఉంటాయి, పైన తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఆ పొర క్షణంలో నీళ్లు పీలుస్తుంది, గాలి లేకపోతే అంతే త్వరగా కుళ్లుతుంది. తాగేదంతా వాన నీరే కాబట్టి ఉప్పు అనేది దానికి అలవాటే లేదు. మన బోరు నీళ్లు దీనికి ఎందుకు పడవో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ కుండీ అంచు చూడండి. లోపలి వైపు, మట్టి మొదలయ్యే చోట, తెల్లగా సున్నం పూసినట్టు గీత ఉందా? ఉంటే అది మీ నీటిలోని ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది, రోజుకు కొంచెం పేరుకుంటుంది. ఆకు అంచు మాడటం అక్కడి నుంచే. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరుకుతుంది, పెన్నులా ఉంటుంది. మా బోరుకు 1,100 చూపింది, వాన నీటికి 15, ఏసీ నీటికి 30. నేను 200 లోపు ఉంటే ధైర్యంగా పోస్తాను, 400 దాటితే పోయను. బోరు నీటిలో ఉప్పుతో పాటు సున్నపు గుణం కూడా ఎక్కువ. దాంతో వేరు చుట్టూ క్షారం పెరిగి ఇనుము అందదు. అప్పుడు కొత్త ఆకు ఈనెలు ఆకుపచ్చగా, మధ్య భాగం పసుపుగా వస్తుంది. మీది అంచు మాడటం ఒక్కటేనా, ఈ పసుపు కూడా ఉందా చూడండి.

మరి ఏ నీళ్లు? మీకు ఏసీ ఉంటే ఆ పైపు కింద బకెట్ పెట్టండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రంతా ఏసీ తిరిగితే చిన్న బకెట్టు నిండుతుంది. ఒక్క మొక్కకు పూటకు పావు లీటరు చాలు. ఏసీ సర్వీసింగ్ చేయించాక మాత్రం రెండు రోజులు ఆ నీళ్లు పారబోయండి, శుభ్రం చేసిన మందు అందులో ఉంటుంది. మీ ఊరికి సాగర్ కాలువ నీరు చెరువుల్లో నిలవ చేసి కుళాయిలకు ఇస్తారు కదా. ఆ నీళ్లు మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లతో కలవకుండా విడిగా దొరికితే, ఒక రాత్రి మూత లేకుండా ఉంచి మీటరు పెట్టి చూసి పోయండి. వానలు పడినప్పుడు డ్రమ్ము నింపుకోండి. మా నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. నేను నాలుగు డ్రమ్ములు పట్టి మూత బిగిస్తాను, సంక్రాంతి దాటాక కూడా వస్తాయి. ఏదీ లేకపోతే తాగే క్యాను నీళ్లే పోయండి, పావు లీటరే కదా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోస్తే పొదుపు అని చాలామంది అనుకుంటారు. ఆంథూరియానికి అది విషం. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. మెత్తటి నీళ్ల కోసం పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్లు కూడా వద్దు.

ఇక మట్టి. ఈ పని ఉగాది లోపే చేయండి, ఏప్రిల్ ఎండ ముదిరితే వేరు మళ్లీ పట్టడం కష్టం. సాయంత్రం పూట కుండీని పక్కకు వంచి మొక్కను మెల్లగా తీయండి, కాండం పట్టుకుని లాగొద్దు. వేర్లకు పట్టిన మట్టిని గోరువెచ్చటి మంచి నీళ్లలో నానబెట్టి కడిగేయండి. వేళ్లతో ఒక్కో వేరూ తడిమి చూడండి. గట్టిగా, తెల్లగా లేక లేత గోధుమ రంగులో ఉన్నది మంచి వేరు. కుళ్లినది మెత్తగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టి కిందికి లాగితే పైపొర తొడుగులా ఊడి చేతికి వస్తుంది, లోపల సన్నటి దారం మిగులుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే బురద వాసన. అలాంటివన్నీ స్పిరిటుతో తుడిచిన కత్తెరతో మంచి భాగం కనిపించే దాకా కోయండి. కొన్ని మొక్కలకు వేర్ల మధ్యలో చిన్న జాలీ బుట్టో కాగితపు తొడుగో ఉంటుంది, ల్యాబులో పెంచిన టిష్యూ కల్చర్ మొలకను నాటినప్పటిది. అది నీళ్లు పట్టుకుని లోపలి నుంచే కుళ్లిస్తుంది, కత్తిరించి తీసేయండి. కోసిన చోట కాస్త పసుపు అద్ది గంటసేపు నీడన ఆరనివ్వండి.

కొత్త కుండీలో మట్టి అస్సలు వద్దు. నేను వాడేది రెండు పాళ్లు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు బొగ్గు, ఒక పాలు ఇటుక ముక్కలు, పైన గుప్పెడు వర్మీకంపోస్టు. అన్నీ శనగ గింజకు పెద్దవి, చింతగింజకు అటూ ఇటూ ఉండాలి. బొగ్గు మన వైపు సరుగుడుది బాగా దొరుకుతుంది, ఇస్త్రీ బండి వాళ్లను అడిగినా ఇస్తారు. కొందరు రైసుమిల్లు నుంచి కాలిన ఊక తెచ్చి కలుపుతారు. నల్లగా, గింజ ఆకారం చెడకుండా ఉన్న ఊక మంచిదే, నేనూ కొంచెం వాడతాను. తెల్లటి బూడిద అయిపోయిందైతే వద్దు, అందులో క్షారం ఎక్కువ.

కొబ్బరి డొక్కను తెచ్చిన వెంటనే వాడొద్దు. సముద్రం పక్క తోటల డొక్కలో ఉప్పు ఉంటుంది. నీళ్లలో నానేస్తే మొదటి రోజు డికాషన్ రంగు దిగుతుంది. రోజూ నీళ్లు మార్చండి. నాలుగో రోజుకు లేత టీ రంగుకు వస్తుంది. తర్వాత లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, మంచి నీళ్లతో కడిగేయండి. పీచును అంటిపెట్టుకున్న సోడియం ఇలా చేస్తేనే వదులుతుంది. మామూలుగా కడిగితే పూర్తిగా పోదు.

కుండీ మొక్కకు సరిపడా చిన్నదే తీసుకోండి, వేర్ల చుట్టూ రెండు వేళ్ల జాగా చాలు. పక్కల కూడా రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో నాటి, దాన్ని ఇంకొంచెం పెద్ద మట్టి కుండలో దించండి. మధ్య ఖాళీలో ఇసుక పోసి వేసవిలో ఆ ఇసుకను తడిపితే వేరు చల్లగా ఉంటుంది. ఆ ఇసుకకు బోరు నీళ్లయినా పర్వాలేదు, లోపలి కుండీ అడుగున రెండు ఇటుక ముక్కలు పెట్టి ఆ నీళ్లకు పైన ఉండేలా చూస్తే చాలు. ఇది నేను మా ఇంట్లో అయిదు వేసవులుగా చేస్తున్నాను.

పీచులో నాటాక నీళ్లు పోసే తీరు మారుతుంది. రోజూ పోయడమనే లెక్క మానేయండి. వేలు పెట్టి చూడండి, రెండు కణుపుల లోతున తడి తగిలితే వదిలేయండి. వేసవిలో రోజు మార్చి రోజు పడుతుంది, వానాకాలంలో వారానికి ఒకసారి కూడా సరిపోవచ్చు. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేలా పోయండి. నెలకోసారి కుండీ అంత కొలత నీళ్లు రెండుసార్లు పోసి కడిగితే ఎరువు ఉప్పు కూడా దిగిపోతుంది.

పడమటి బాల్కనీ సంగతి. ఈ మొక్కకు వెలుతురు కావాలి, ఎండ వద్దు. ఫోన్‌లో వెలుతురును లక్స్ లెక్కన కొలిచే యాప్ పెట్టుకుంటే 15 నుంచి 20 వేల దాకా చూపే చోటు బాగుంటుంది. మన మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష దగ్గర ఉంటుంది. అంటే దాదాపు అయిదో వంతు. 75 శాతం షేడ్ నెట్ కడితే ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది. యాప్ లేకపోతే తెల్ల కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు మసకగా కనిపిస్తే సరైన చోటు, గీత గీసినట్టు కనిపిస్తే ఎక్కువ. మరీ చీకటి గదిలో పెడితే చావదు, పూయదు.

ఏప్రిల్ నుంచి రోహిణీ కార్తె దాకా పడమటి గాలి తిరిగినప్పుడు మాత్రం ఆ బాల్కనీలో ఉంచొద్దు. రోళ్లు పగిలే రోజులవి. ఉష్ణోగ్రత 35 దాటితే మొక్క పెరుగుదల ఆపేస్తుంది. ఆ వేడి గాలి ఆకు నుంచి నీటిని వేరు అందించే దానికంటే వేగంగా లాగేస్తుంది. మొక్కను ఉత్తరం లేక తూర్పు కిటికీ లోపలికి తెచ్చేయండి. కూలర్ గాలి, ఏసీ గాలి సూటిగా తగలకూడదు. పక్కన ఇంకో నాలుగు కుండీలు గుంపుగా పెట్టి, కింద తడి ఇసుక పళ్లెం ఉంచితే గాలిలో తేమ నిలుస్తుంది. ఆకుల మీద నీళ్లు చల్లడం ఉదయమే, అదీ మంచి నీళ్లతోనే. బోరు నీళ్లు చల్లితే ఆకు మీద తెల్ల చుక్కలు పడి పోవు. ఆ ఎండ రోజుల్లో పూల మీద ఆశ పెట్టుకోవద్దు, ఆకులు నిలబడితే చాలు. మన వైపు దీనికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. రాత్రి 20, పగలు 30కి అటూ ఇటూ, దీనికి పుట్టిల్లు గుర్తొచ్చే వాతావరణం.

పూలు ఆకుపచ్చకు తిరగడం గురించి టెన్షన్ పడొద్దు. మనం పువ్వు అనుకునే ఎర్రటిది నిజానికి ఒక రంగు ఆకు. అసలు పూలు మధ్యలో నిలబడ్డ కంకి మీద బొడిపెల్లా వందల కొద్దీ ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే మొదటి రోజుల్లో ఒక్కో బొడిపె మీద జిగట బిందువు మెరుస్తుంది, అది ఆడ దశ. తర్వాత కొన్నాళ్లకు పుప్పొడి రాలుతుంది, అది మగ దశ. ఆ పని అయ్యాక రంగు ఆకు మామూలు ఆకులా పచ్చబడుతుంది. రెండు నెలలు నిలిచాక అలా అవడం సహజం. ఆ పూకాడలను అడుగున కోసేయండి, మొక్కకు బలం మిగులుతుంది.

చేమ, కంద చూసినవాళ్లకు ఈ పువ్వు కొత్త కాదు. ఇవన్నీ ఒకే కుటుంబం. కంద కోస్తే చేతులు ఎందుకు దురద పెడతాయో ఆంథూరియం రసం తగిలినా అందుకే పెడుతుంది, లోపల సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఇంట్లో పాకే పిల్లలున్నా, పిల్లి, కుక్క ఉన్నా అందకుండా పెట్టండి. నమిలితే నోరు మండి వాస్తుంది. కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

ఒక్కో కొత్త ఆకు మొదట్లోంచి ఒక్కో పువ్వు వస్తుంది. అంటే ఎన్ని ఆకులో అన్ని పూలు. అందుకే అంచు మాడిందని ఆకును కోయకండి. మాడిన మేర మాత్రం కత్తిరించండి. కనీసం మూడు నాలుగు ఆకులు మొక్కకు ఉండాలి.

డీఏపీ ఇక వద్దు. వేసిందంతా మట్టితో పాటు పోతుంది కాబట్టి భయం లేదు. కొత్త కుండీలో నెలన్నర ఏ ఎరువూ వేయకండి. కొత్త ఆకు విప్పుకున్నాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకు అర గ్రాము, పదిహేను రోజులకోసారి. ఏసీ నీటిలో, వాన నీటిలో కాల్షియం ఉండదు, అది తగ్గితే పూల మీద రంగు చెడి మచ్చలు పడతాయి. అందుకని మధ్య వారంలో కాల్షియం నైట్రేట్ అర గ్రాము ఇవ్వండి. ఈ రెంటినీ ఒకే నీళ్లలో కలపొద్దు, అడుగున సున్నంలా పేరుకుపోయి రెండూ వృథా అవుతాయి. నెలకోసారి ఎప్సమ్ సాల్ట్ అర గ్రాము, అది కూడా విడిగానే. రోహిణి ఎండల్లో ఏ ఎరువూ వద్దు.

వానాకాలంలో భయం వేరు. వాయుగుండం పట్టి మూడు రోజులు కురిస్తే కుండీలను చూరు కిందకు లాక్కోండి. ఆకు అంచున నీళ్లు పీల్చినట్టున్న మచ్చ వచ్చి, చుట్టూ పసుపు గీతతో గోధుమ రంగుకు మారి లోపలికి పాకితే అది బాక్టీరియా మాడు తెగులు. 1980ల్లో హవాయిలో పూల తోటలను కుదేలు చేసింది ఇదే. దీనికి మందు లేదు. నీటి చుక్కలు చిందినా, కోసిన కత్తి తగిలినా పక్క మొక్కకు అంటుకుంటుంది. అలా కనిపిస్తే ఆ మొక్కను కుండీతో సహా దూరంగా పారేయాలి. మీది అలాంటిది కాదని మీరు చెప్పిన లక్షణాలను బట్టి అనుకుంటున్నాను. మీ ఆకులన్నిటికీ ఒకేలా కొనల నుంచి పొడిగా మాడింది, తెగులైతే ఒక ఆకులో మొదలై తడిగా పాకుతుంది. పిండినల్లి, ఎర్రనల్లి వేసవిలో వస్తాయి, తడి గుడ్డతో ఆకు కింది వైపు వారానికోసారి తుడిస్తే సగం పోతాయి.

నెట్‌లో చూసి వెల్వెట్ ఆకుల క్రిస్టలైనమ్ అనే ఇంకో ఆంథూరియం కూడా కొనాలని ఉందన్నారు. ఈ ఎర్రది ఒక వేసవి దాటనివ్వండి, తర్వాత చూద్దాం. దానికి ఇంతకంటే ఎక్కువ తేమ కావాలి.

వేర్లు కడిగాక మంచివి మూడు మిగిలినా మొక్క తిప్పుకుంటుంది. ఒక్కటీ మిగలకపోతే కూడా కాండం గట్టిగా ఉంటే చాలు. తడి నాచులోనో, పిండేసిన తడి పీచులోనో పెట్టి గాలి ఆడేలా పాలిథీన్ కవరు వదులుగా కప్పి నీడన ఉంచండి, నెల నెలన్నరలో కొత్త వేరు పొడుచుకొస్తుంది. కడిగిన వెంటనే, కోయకముందు, వేర్లను తెల్ల గుడ్డ మీద పరిచి ఒక ఫోటో, కుండీ అంచు తెల్ల గీతది ఒక ఫోటో తీసి పెట్టండి. ఎంత మేర కోయాలో చూసి చెప్తాను.